మామ్మగారి ఇంట్లో లేని గది

రాత్రి పదకొండింటికి డల్లాస్ నుంచి ఫోను.

"పడకగది వెనకాల ఇంకో గది ఎప్పుడు కట్టారండీ? మా తమ్ముడు నాతో ఒక్క మాట కూడా అనలేదు."

నిద్రమత్తులో నాకేం అర్థం కాలేదు. "ఏ గదండీ?" అన్నాను.

"మీరు పంపిన ప్లానులోదే. 11 అడుగులుంది. మంచం కూడా వేసి ఉంది."

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే నిజంగానే ఉంది. విజయవాడ వన్‌టౌన్‌లో శివాలయం వీధి దాటాక లోపలికి పోయే ఒక సందులో ఆ ఇల్లు. ముందు అరుగులు, మధ్యలో మండువా, వెనక పెరడు, నుయ్యి. ముగ్గురన్నదమ్ములు వాటాలు వేసుకోవాలని నన్ను కొలవమంటే, చేత్తో పట్టుకుని నడుస్తూ కొలిచే లేజర్ స్కానర్‌తో కొలిచాను. పడమటి పడకగది గోడ అవతల, పక్కింటి వాళ్ల వంటింట్లోకి చొచ్చుకుపోయి మరీ, మా ప్లానులో కొత్త గది వెలిసింది. కాస్త పరకాయించి చూస్తే దొరికిపోయింది. ఆ గదిలో అన్నీ ఇటువి అటు ఉన్నాయి. మంచం తలవైపు, కిటికీ, గూడు, అన్నీ.

పెళ్లినాడు పుట్టింటివాళ్లు ఇచ్చారని ఆ ఇంటి పెద్దావిడ మామ్మగారు అపురూపంగా చూసుకునే బెల్జియం నిలువుటద్దం ఒకటి ఆ గోడకి ఆనించి ఉంది. స్కానర్ నుంచి వెళ్లిన లేజర్ కిరణం అద్దానికి తగిలి, తిరిగి మంచానికి తగిలి, వచ్చిన దారినే వెనక్కొచ్చింది. అది వంగొచ్చిందని స్కానర్‌కేం తెలుసు? తిన్నగా వెళ్లొచ్చిందనుకుని, అంత దూరంలో, అంటే గోడ అవతల, మంచం ఉందని రాసుకుంది. మా ఆఫీసులో గీసే కుర్రాడు స్కానర్ పెట్టిన చుక్కలు చూపించినచోటల్లా గీత గీశాడు. నేను సరిచూడకుండా ముగ్గురికీ వాట్సాప్‌లో పంపేశాను. అద్దం మీద దుప్పటి కప్పి ఉంటే సరిపోయేది. తప్పు పూర్తిగా నాది.

ఈ కథ చెప్తే మా పాతకాపులు "అందుకే టేపుని మించింది లేదన్నాం" అని సంబరపడ్డారు. కుర్రాళ్లేమో "ఇంకో రెండేళ్లాగండి సార్, సాఫ్ట్‌వేరే అద్దాల్ని పట్టేస్తుంది" అన్నారు. ఇద్దరూ కొలత కచ్చితత్వం గురించే మాట్లాడుతున్నారు. పాతికేళ్లు మన ఊళ్లలో ఇళ్లు కొలిచినవాడిగా నేను చెప్పేది వేరు. కచ్చితత్వం మన గొడవల్లో అతి చిన్నది. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి, కొలిచింది ఎవరి దగ్గర ఉండాలి అన్న రెండూ తేలకుండా ఎంత గొప్ప మెషీన్ తెచ్చినా కొత్త రకం తగాదాలే వస్తాయి. అలాగని స్కానర్ వద్దనను. ఇక ముందు అది లేకుండా పాత ఇల్లు ఒప్పుకోను కూడా.

ముందు టేపు సంగతి చెప్పాలి, దాన్ని దేవుణ్ణి చేసేవాళ్ల కోసం. రెండు చివర్లా ఇద్దరు మనుషులుండాలి. 50 అడుగులు లాగితే మధ్యలో జోలెలా వేలాడుతుంది. కొస తెగిపోయిన టేపుని 1 అడుగు గీత దగ్గర పట్టుకుని లాగడం, చివర్లో ఆ అడుగు తీసేయడం మర్చిపోవడం, ఈ పాపం చేయనివాడు మా వృత్తిలో లేడు. ఇంకో చక్కని తప్పు ఉంది. చైన్‌మ్యాన్, అంటే టేపు రెండో కొస పట్టుకునేవాడు, అటునుంచి "పది నాలుగు" అని అరుస్తాడు. అంటే 10 అడుగుల 4 అంగుళాలు. ఇటు రాసేవాడు 10.4 అని రాస్తాడు. కంప్యూటర్‌లో గీసేవాడు దాన్ని దశాంశంగా చదివితే అది 10 అడుగుల 4.8 అంగుళాలు. "పది పదకొండు" అని అరిచి 10.11 అని రాశారంటే దాదాపు 10 అంగుళాలు గోవిందా. అన్నిటికంటే పెద్ద మోసం మూలల్లో ఉంటుంది. నాలుగు గోడలూ కొలిచి, నాలుగు మూలలూ మూలమట్టానికి ఉన్నాయనుకుని గీసేస్తాం. వన్‌టౌన్‌లో మూలమట్టానికి ఉన్న గదిని నేనింకా చూడాలి. సందు ఎటు వంగితే ఇల్లూ అటే వంగుతుంది. గీసుకుంటూ పోతే చివరి గది అతకదు. అప్పుడేం చేస్తాం? పెరటి గోడ దగ్గర ఆ తేడా అంతా సర్దేస్తాం. నేనూ సర్దాను.

స్కానర్ ఇక్కడే కడిగేస్తుంది. దాని పనితీరు బ్రహ్మవిద్యేం కాదు. వెలుగు ఒక నానోసెకనులో దాదాపు ఒక అడుగు పోతుంది. పోయి రావడానికి పట్టిన కాలం చూసుకుని దూరం చెప్తుంది. తల దగ్గర గిర్రున తిరిగే 16 కిరణాల రకమైతే సెకనుకి 3 లక్షల చుక్కలు నమోదు చేస్తుంది. తంటా అంతా దాన్ని పట్టుకున్నవాడు నడుస్తూ ఉండటంలో ఉంది. కాళ్ల మీద నిలబెట్టే స్కానర్ కదలదు కాబట్టి దాని చోటు దానికి తెలుసు. చేతిలోది ప్రతి క్షణం "నేనెక్కడున్నాను?" అని తేల్చుకోవాలి. మా సందుల్లో, గదుల్లో ఉపగ్రహాల మీద ఆధారపడే జీపీఎస్ సాయం రాదు. కరెంటు పోయినప్పుడు మనం గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చుకోమూ, అదే పద్ధతి. తడిమిన గోడని బట్టి తనెక్కడుందో, తనున్నచోటుని బట్టి గోడెక్కడుందో, రెండూ ఒకేసారి తేల్చుకుంటూ పోతుంది. దీన్నే స్లామ్ అంటారు. 1980ల నుంచి రోబోల వాళ్లు తలలు బద్దలు కొట్టుకున్న సమస్య ఇది. ఇప్పుడు మన చేతిలోకి వచ్చింది.

తడుముకునేవాడికి గుర్తులుండాలి. నున్నటి పొడుగాటి వరండా ఇస్తే తికమక పడుతుంది. మొదట్లో గుంటూరు అరండల్‌పేటలో ఒక పాత లాడ్జి చేశాను. అటూ ఇటూ ఒకేలాంటి తలుపులు, ఒకేలాంటి గోడలు. ఆ చివరికి వెళ్లి, వెనక మెట్లు దిగి, అటునుంచే రోడ్డు మీదకి వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే వెనక గోడ రెండుగా ఉంది, 9 అంగుళాల ఎడంతో. అడుగడుక్కీ చేరిన చిన్న చిన్న తేడాలు చివర్లో అంతయ్యాయి. బయల్దేరిన చోటికే తిరిగొచ్చి ఆపితే, మొదలూ చివరా ఒకటేనని తెలుసుకుని ఆ తేడాని దారి పొడవునా పంచేసుకుంటుంది. ఇప్పుడు ఎంత పెద్ద ఇల్లయినా గుమ్మం ముందు పెట్టిన రాయి దగ్గర మొదలుపెట్టి ఆ రాయి దగ్గరే ఆపుతాను. లోపల కూడా 20, 30 అడుగులకోసారి పాతచోటు తాకి వస్తాను. గుమ్మం దాటేటప్పుడు పక్కకి తిరిగి, రెండు గదులూ ఒకేసారి కనపడేలా నెమ్మదిగా దాటాలి. దండెం మీద చీరలు ఆరేసి ఉంటే తీయించాలి, లేకపోతే అవీ గోడలే. మామ్మగారు మా నడక చూసి "ఏం నాయనా, ఇంటికి దిష్టి తీస్తున్నావా?" అన్నారు. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

అమ్మేవాళ్లు "25 నిమిషాల్లో ఇల్లు మొత్తం" అంటారు. అబద్ధం కాదు. ఆ 25 నిమిషాల తర్వాత రాత్రంతా కంప్యూటర్ నడుస్తుంది, ఆ తర్వాత రెండు రోజులు గీయాలి. ఎండలో పడే కష్టం ఏసీలోకి మారిందంతే. ఖర్చు కూడా సర్వేకి పనికొచ్చే రకం మంచి కారు ధర పలుకుతుంది, అందుకే నాది అద్దె బతుకు. 2020 నుంచి ఖరీదైన ఐఫోన్లలో లైడార్, అంటే ఇలాంటి లేజర్ కొలతే, వస్తోంది. ఒక గదికి బాగానే ఉంటుంది. అది చూసేది 5 మీటర్ల దూరం, మండువా లోగిలికి చాలదు.

ఇప్పుడు అసలు విషయం. సరిగ్గా వాడితే ఈ స్కానర్ తేడా 2 సెంటీమీటర్లు అనుకుందాం. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఇల్లు. రెండు వైపులా 2 సెంటీమీటర్ల చొప్పున తప్పు పోయినా వైశాల్యంలో తేడా మూడుంపావు చదరపు అడుగులు. గజంలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. సరే, అది పక్కన పెట్టండి. అదే ఇంటిని గోడల బయటి నుంచి కొలిస్తే 600 చదరపు అడుగులు. లోపలి నుంచి కొలిస్తే? గోడలు ఇప్పటి లెక్కన 9 అంగుళాలైతే 527. మామ్మగారింట్లోలా గానుగ సున్నంతో కట్టిన అడుగున్నర గోడలైతే 459. తేడా 141 చదరపు అడుగులు, పదిహేనున్నర గజాల పైచిలుకు. మెషీన్ తప్పుకి నలభై రెట్లకు పైన. ఈ నలభై రెట్లు ఏ లేజరూ తేల్చదు. అది మనుషులు కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

మాట్లాడుకోరు. మన దగ్గర ఒకే ఇంటికి కాగితానికో లెక్క. పటమటలో ఒక ఫ్లాటు కొలిచాను. అమ్మినప్పుడు 1,300 అన్నారు, కామన్ ఏరియా కలిపి. మంజూరైన ప్లానులో ఒక అంకె, పన్ను రసీదులో ఇంకో అంకె. స్కాన్ చేస్తే లోపల తిరగడానికి ఉన్నది 940. కొన్నాయన ముఖం మాడిపోయింది. "అంటే 360 అడుగులు మింగేశారా?" అన్నాడు. మింగలేదండీ, మెట్లూ లిఫ్టూ గోడలూ బాల్కనీ అన్నీ అందులో ఉన్నాయి అని చెప్పేసరికి తాతలు దిగొచ్చారు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో విడమరిచి రాసింది. బయటి గోడలు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ కలపకూడదు, లోపలి అడ్డుగోడలు కలపొచ్చు. చట్టం ఉంది, అయినా బేరం మాత్రం ఈనాటికీ కామన్ ఏరియా కలిపిన అంకె మీదే నడుస్తోంది. స్కానర్ పొడవు చెప్తుంది, వెడల్పు చెప్తుంది, ఎత్తు చెప్తుంది. "ఏరియా" చెప్పదు. ఏరియా అనేది ఒప్పందం.

గోడ మందం దగ్గర మాత్రం దానికి దండం పెట్టాలి. టేపుతో గోడ మందం తెలిసేది గుమ్మాల దగ్గర, కిటికీల దగ్గర. మిగతాచోట్లా అంతే ఉంటుందని నమ్మకం. లోపలా బయటా రెండు వైపులా స్కానర్ తిప్పితే రెండు ముఖాలూ వస్తాయి. మామ్మగారి మండువా ఉత్తరపు గోడ కింద 18 అంగుళాలుంది, పైన దూలాల దగ్గర 14. ఎప్పుడో ఎవరో పై వరసలు పడిపోతే సన్నగా కట్టించారు. గోడ బయటికి రెండు అంగుళాలు ఒరిగి కూడా ఉంది. తాడుకి గుండు కట్టి వదిలితే ఒకచోట తెలుస్తుంది. ఇక్కడ గోడంతా తెలిసింది, పొట్ట ఎక్కడుందో కూడా. పొట్ట పైనే టేకు దూలం ఆని ఉంది. వాటాల మాట తర్వాత, ముందు దూలానికి ఊతకర్ర పెట్టించండి అని ఆ సాయంత్రమే చెప్పాను. పెట్టించారు.

కానీ పడమటి గోడ, అద్దం ఆనించి ఉన్నది, ఉమ్మడి గోడ. దాని మందం కావాలంటే పక్కింట్లోకి వెళ్లాలి. పక్కింటాయన గుమ్మంలోనే ఆపేశారు. "ముందు మా వంటింట్లో మీ గది గీశారు, ఇప్పుడు మా ఇల్లు కూడా కొలుస్తారా?" ఆయన కోపంలో న్యాయం ఉంది. గోడలో సగం ఎవరిది, మొత్తం ఎవరిది అన్నది దస్తావేజుల్లో తేలాలి. ఆ ఇంటి దస్తావేజులో ఉన్నది "పడమర ఫలానావారి గోడ హద్దు" అన్న ఒక్క ముక్క. గోడ ఈ ముఖమా, ఆ ముఖమా? రాసినాయనకి అవసరం పడలేదు. ఇవాళ ఆ గోడ పొడవు 38 అడుగులు, మందం మిగతా గోడల్లా అడుగున్నర అనుకుందాం. అంటే 57 చదరపు అడుగులు గోడలోనే ఉన్నాయి.

ఇళ్లలోకి వెళ్లే దగ్గర ఇంకో చిక్కు. మెషీన్ చూడగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "పన్ను పెంచడానికా?" అని. వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. 2021 నుంచి మన పట్టణాల్లో ఆస్తి పన్ను అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద వేస్తున్నారు. ఇళ్లకి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా వేయొచ్చు. విలువ కట్టేది వైశాల్యాన్ని బట్టే. ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాకుల్లోకి జరిపి కట్టిన మెట్లు, డాబా మీద వేసిన రేకుల గది, ఇవి లేని ఇళ్లు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్రమబద్ధీకరణ పథకం ఒకటి పోయి ఇంకోటి వచ్చేది అందుకే. టేపు పట్టుకొచ్చిన మనిషితో మాట్లాడొచ్చు, కాఫీ ఇవ్వొచ్చు, "అది తాత్కాలికమేనండీ" అనొచ్చు. చుక్కల మేఘంతో ఏం మాట్లాడతాం? బీరువా, దేవుడి గూడు, మంచం పక్కన ఆక్సిజన్ మెషీను, అన్నీ అందులో పడతాయి. కెమెరా ఉన్న రకమైతే రంగులతో సహా.

అందుకే నా వాదన ఇది. ఇల్లు ఎవరిదో ఫైలు వాళ్లదే. కార్పొరేషన్ కోసం కొలిచినా, బ్యాంకు కోసం కొలిచినా, నాలాంటి ప్రైవేటువాడు కొలిచినా, ప్లానుతో పాటు ఆ చుక్కల ఫైలు కాపీ ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి. అడిగితే ఇవ్వడం కాదు, పెట్టి వెళ్లాలి. అప్పుడే నేను గీసింది తప్పని ఇంకొకరితో సరిచూపించుకోగలరు. ఇప్పుడు డ్రోన్లు, విమానాల లైడార్‌తో దేశంలో 152 పట్టణాల్లో నక్ష అనే పట్టణ భూసర్వే కేంద్రం మొదలుపెట్టింది, 2025 ఫిబ్రవరిలో. పైనుంచి చూస్తే కప్పులు, హద్దులు తెలుస్తాయి. చూరు కింద గోడ ఎక్కడుందో తెలియదు. ఆ పనికి రేపు ఎవరో ఒకరు ఇలాంటిది పట్టుకుని మన గుమ్మంలోకే రావాలి. వచ్చినప్పుడు కాపీ అడగడం నేర్చుకోవాలి.

ఇల్లిల్లూ కొలవడం ఇష్టం లేకపోతే పోనీ, వీధుల్లోనైనా నడవమంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం వైపంతా మునిగినప్పుడు కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు సాయం ప్రకటించారు. మా మేనత్తగారిల్లు అటే. నీళ్లు తీశాక గోడ మీద బురద గీత ఆవిడ భుజం దాకా ఉంది. నాలుగిళ్లు అవతల, అదే వీధిలో, గీత మోకాలి దాకానే. వీధి ఒకటే అయినా గడప ఎత్తు వేరు. ఒకాయన నాలుగడుగుల పునాది వేయించాడు, ఇంకొకాయన రోడ్డుకి సమంగా కట్టాడు, ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు పోసి ఇంటిని గుంటలోకి తోశారు. ఒక మనిషి స్కానర్ పట్టుకుని ఆ వీధి అటు నడిచి ఇటు వస్తే ప్రతి గడపా రోడ్డుకి ఎంత ఎత్తులో ఉందో వచ్చేస్తుంది. పొడుగాటి వీధిలో స్కానర్ ఎత్తు తప్పుతుంది కాబట్టి వందేసి అడుగులకి ఒక గుర్తు పెట్టి, ఆటో లెవెల్ అనే మట్టం చూసే పరికరంతో ఆ గుర్తుల మట్టాలు తీసి బిగించాలి. అది పాత విద్యే, మనవాళ్లకి వచ్చు. ఈసారి నీళ్లు ఫలానా మట్టానికి వస్తున్నాయంటే ముందు ఎవరింటికి పడవ పంపాలో కాగితం మీద ఉంటుంది. దీనికి ఎవరి పడకగదిలోకీ వెళ్లక్కర్లేదు, ఎవరి పన్నూ పెరగదు.

వన్‌టౌన్ పాత ఇళ్ల విషయం కూడా చెప్పకుండా ఉండలేను. ఇక్కడికి దగ్గర్లోనే అమరావతి స్తూపం. 1790ల చివర్లో జమీందారు మనుషులు రాళ్ల కోసం ఆ దిబ్బ తవ్వారు. 1816లో సర్వేయర్ కాలిన్ మెకంజీ బృందం వచ్చి మిగిలినవాటిని కొలిచి గీసింది. ఆ తర్వాత ఇంకెన్నో రాళ్లు పోయాయి, ఉన్నవాటిలో చాలావరకు చెన్నైకీ లండన్‌కీ చేరాయి. ఏ రాయి ఎక్కడుండేదో చెప్పడానికి ఇప్పటికీ ఆ గీతలే దిక్కు. మండువా లోగిళ్లు స్తూపాలు కావు, నిజమే. కానీ వాటాలు తేలగానే మామ్మగారిల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతారని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. వారానికో ఇల్లు అలా కూలుతుంటే ఒక్కదానికీ సరైన కొలతల బొమ్మ లేదు. 25 నిమిషాల పని.

ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి మామ్మగారికి ఇచ్చాను. దస్తావేజుల ట్రంకుపెట్టెలో పెట్టించుకున్నారు. ల్యాప్‌టాప్‌లో ఇల్లంతా తిప్పి చూపించాను, కప్పు తీసేసి పైనుంచి కూడా. నూతి దగ్గర ఆపమన్నారు. ఎవరో వంగి చేదతో నీళ్లు తోడుతున్నట్టు మసక చుక్కల గుంపు. అది ఆవిడే. మనుషులు కదిలితే అలా చెదురుతాయి, సాధారణంగా తుడిచేస్తాం. "ఉంచెయ్ నాయనా" అన్నారు. ఉంచాను. లేని గదిని మాత్రం తీసేశాను, డల్లాస్ ఆయనకి అద్దం ఫోటో కూడా పంపించాక గానీ నమ్మలేదు.

పక్కింటాయన నిన్న ఫోన్ చేశారు. ఆదివారం పొద్దున వచ్చి ఆయన వైపు నుంచి ఉమ్మడి గోడ కొలుచుకోవచ్చట. రెండు షరతులు పెట్టారు. వంటింట్లోకి చెప్పుల్తో రాకూడదు. ఫైలు ముందు ఆయనకివ్వాలి, తర్వాతే ఆ అన్నదమ్ములకి. రెండూ ఒప్పుకున్నాను. దుప్పటి కూడా తీసుకెళ్తున్నాను.